అక్షరానికో నంబరు, నంబరుకో శవం

"తెరువు నోరు" అన్నాడు బెయిమ్నెట్.

ఇంజెరా రొట్టె ముక్కలో కోడికూర చుట్టి, పులుసు కారుతున్న ముద్దను అన్న మూతి ముందు పెట్టాడు. అది రెండో ముద్ద.

"చాల్లేరా. వచ్చే పిల్లకు దాచుకో" అన్నాడు దాన్యాచౌ.

"ఒక్క ముద్దతో ఆపితే పగ పెరుగుతుందంటారు. నీతో నాకు పగెందుకు చెప్పు? ఉన్నదే ఒక్కగానొక్క అన్నవి."

అడిస్ అబాబాలో, పియాసా బజారు మధ్యాహ్నపు రద్దీలో ఉంది. హోటల్లో కిటికీ పక్క బల్లే కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు బెయిమ్నెట్. యెషి అనే అమ్మాయి వస్తుందట, బయటి నుంచి కనిపించేలా కూర్చోమందట. ఆ సంబరం ఒకటి, రేపటి సంబరం ఒకటి, కుర్రాడి నోటికి మూతే లేదు.

"ఇప్పుడు ఏమవుతోందన్నయ్యా? ఒక ఆఫీసులో మన అక్షరాల్లో ఉత్తరం టైపు చేస్తారు. అదే ఫ్లాపీని పక్క ఆఫీసులో తెరిస్తే కోడి కెలికినట్టు గీతలొస్తాయి. ఎవడి ఫాంటు వాడిది, ఎవడి నంబర్లు వాడివి. మేం చేసిన పట్టికలో ఒక్కో అక్షరానికి ఒక్కటే నంబరు. ఏ మెషీన్‌లో కొట్టినా, ఏ మెషీన్‌లో తెరిచినా అదే అక్షరం కనబడాల్సిందే. రేపు మధ్యాహ్నంతో ఈ గోల వదిలిపోతుంది. సరే, తెరువు."

దాన్యాచౌ నవ్వుతూ నోరు తెరిచాడు.

కిటికీ అద్దం టప్పుమంది. ముద్ద అతని పెదవులకు తగిలి ఒళ్లో పడింది. తమ్ముడి కణతలో నల్లటి బెజ్జం పడింది, అవతలి వైపు నుంచి నెత్తురు గోడమీదికి చిమ్మింది. బెయిమ్నెట్ తల పళ్లెంలోకి వాలిపోయింది.

దాన్యాచౌ బల్లను తన్ని వీధిలోకి దూకాడు. సైలెన్సర్ బిగించిన రైఫిల్‌ను కోటు కిందకు తోసుకుంటూ ఒకడు మోటార్‌సైకిల్ వెనక ఎక్కుతున్నాడు. దాన్యాచౌ పిస్టల్ రెండుసార్లు పేలింది. ఒక గుండు టైరుకు తగిలింది, రెండోది గాలికి పోయింది. ఒట్టి రిమ్ము మీద నిప్పులు రాలుస్తూ ఆ బండి సందులో మాయమైంది. అతను వెనక్కి వచ్చి తమ్ముడి తలను ఒళ్లో పెట్టుకున్నాడు. ప్రభుత్వ గూఢచారి విభాగం సెక్షన్ నైన్‌లో పేరుమోసిన ఏజెంట్, మనుషులను చంపి కాఫీ తాగినవాడు, హోటల్ నేలమీద కూర్చుని పసివాడిలా ఏడ్చాడు.

* * *

"ఇది ప్రమాదాల సీజన్ కాదు, హత్యల సీజన్" అన్నాడు కల్నల్ ఎంగిదా. సెక్షన్ నైన్‌కు అతనే అధిపతి. ఆవలిస్తున్నా ఆర్డర్ వేస్తున్నట్టే ఉంటుంది ఆ గొంతు. "పట్టిక తయారుచేసింది ముగ్గురు. ప్రొఫెసర్ మొన్న లిఫ్ట్ గుంతలో పడ్డాడు. ఇవాళ మీ తమ్ముడు. అదే సమయానికి వాళ్ల ఆఫీసు తగలబడింది. మిగిలింది మెరిగేటా లిసానెవర్క్. చర్చి పండితుడు. ఎంటోటో కొండమీద దాక్కున్నాడు. పట్టిక ఉన్న ఆఖరి ఫ్లాపీ ఆయన దగ్గరుంది."

"చేసిందెవరు సార్?"

"వోగెల్. విదేశీ సాఫ్ట్‌వేర్ వ్యాపారి. మన మంత్రిత్వశాఖలన్నింటికీ టైపు ప్రోగ్రాం ఉచితంగా ఇచ్చాడు. ఊరికే వచ్చిన గుర్రానికి పళ్లు లెక్కపెట్టలేదు మనవాళ్లు. ఆ ప్రోగ్రాంలో టైపు చేసిన ప్రతి ముక్కా గుట్టుగా కాపీ అయి వాడి ముఠాకు చేరుతోంది. అమ్మకానికి పెడుతున్నాడు. మీ తమ్ముడు కనిపెట్టాడు. రుజువులు ఆఫీసుతో పాటే బూడిదయ్యాయి."

"వాణ్ని నాకు వదిలెయ్యండి."

"వదిలేస్తే చంపుతావు. వాడి కుర్చీలో ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. రేపు మధ్యాహ్నం కౌన్సిల్ భవనంలో మంత్రి వోగెల్‌తో ఇరవై ఏళ్ల ఒప్పందం మీద సంతకం పెడతాడు. అంతకంటే ముందు మన పట్టిక అందరి ముందూ పనిచేసి చూపిస్తే ఒప్పందం చిత్తుకాగితమే. లేకపోతే ఇరవై ఏళ్లు ఈ దేశం రాసే ప్రతి అక్షరం వాడు చదువుతాడు. ఇంకో సంగతి, మన అక్షరాలన్నీ వాడి ప్రోగ్రాంలో పట్టలేదట. వాడకం తక్కువని కొన్నింటిని తీసి పారేశాడు."

"నేను తమ్ముడి శవం దగ్గర ఉండాలి సార్."

కల్నల్ అతని ముఖంలోకి చూశాడు.

"శవం దగ్గర మీ అమ్మ ఉంది. వాడి పట్టిక దగ్గర ఎవరున్నారు?"

పట్టిక పోతే తమ్ముడు రెండోసారి చచ్చినట్టే. ఆ సంగతి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

కల్నల్ ఒక ఫొటో ముందుకు తోశాడు. తెల్లటి గౌను, చెవులకు బంగారు జూకాలు, చూపులో కొంటెతనం. "యెషిమెబెట్. వోగెల్ సెక్రటరీ. నిజానికి మన మనిషి. మీ తమ్ముడికి సమాచారం ఇచ్చింది ఈవిడే. రేపు పొద్దున కొండ మీదికి కారు పంపుతుంది. డ్రైవర్ మొదటి కప్పు కాఫీ సంగతి అడుగుతాడు, 'అబోల్ అయిందా?' అని. నువ్వు 'మూడో కప్పూ తాగాం' అనాలి. ఈ కోడ్‌వర్డ్ మన ముగ్గురికే తెలుసు. డ్రైవర్‌కు ఆవిడే చెబుతుంది."

తరువాత టెక్నికల్ విభాగం వాడొకడు ఒక చామరం తెచ్చి చేతిలో పెట్టాడు. చర్చి పూజారులు ఈగలు తోలుకునే గుర్రపు వెంట్రుకల చామరమే. పిడి కొన నొక్కితే సూది బయటికొస్తుంది.

"గుర్రాన్నయినా కూలుస్తుంది సార్. ఒక్కసారే పనిచేస్తుంది, గురి తప్పకండి."

* * *

తెల్లారేసరికి తెల్లటి శాలువా, తలపాగా, చేతిలో చామరంతో పూజారి వేషంలో దాన్యాచౌ ఎంటోటో ఎక్కాడు. నీలగిరి చెట్ల పొగమంచులో కట్టెల మోపులు మోసుకుని దిగుతున్న ఆడవాళ్లు దారి ఇచ్చి తలలు వంచారు. అతను దీవించాడు. పాపం చుట్టుకుంటుందేమోనని లోలోపల వణికాడు కూడా.

మరియం చర్చి వెనక గుడిసెలో మెరిగేటా కాఫీ మరిగిస్తున్నాడు. కర్రలాంటి మనిషి, తెల్లటి పెద్ద తలపాగా, ముక్కోపం.

"బెయిమ్నెట్ అన్నవా? వాడేడి? నాకు కంప్యూటర్ నేర్పుతానన్నాడు, నేను వాడికి పాత శ్లోకాలు నేర్పుతానన్నాను. ఇద్దరమూ మొద్దులమే, ఒక్క ముక్క ఎక్కలేదు. వాణ్ని రమ్మను, నాలుగు తిట్టాలి."

"వాడు రాడు, అయ్యగారూ. నిన్న చంపేశారు."

ముసలాయన చేతిలోని సీనె కప్పును నేలకు దించాడు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. దాచుకోలేదు, తుడుచుకోలేదు.

"మరియమ్మ తల్లీ! పిల్లవాణ్నా! నన్ను చంపితే ఏం పోయేది, ఎలాగూ పోయేవాణ్నే కదా."

"ఫ్లాపీ ఎక్కడుంది?"

మెరిగేటా ఒక వేలితో తన తలపాగాను తట్టాడు.

బయట తెల్లటి టయోటా ఆగింది. డ్రైవర్ తల బయటికి పెట్టి, "అబోల్ అయిందా?" అన్నాడు.

"మూడో కప్పూ తాగాం."

ఇద్దరూ వెనక సీట్లో ఎక్కారు. తలుపు మూసుకోగానే ముందు సీట్లో కునికిపాట్లు పడుతున్నవాడు ఇటు తిరిగాడు. వాడి చేతిలో పిస్టల్ ఉంది. మరుక్షణం దాని పిడి దాన్యాచౌ ముక్కుమీద పడింది. ఎముక పటుక్కుమంది, నోటినిండా నెత్తురు.

"నిన్న నా బండి టైరు పేల్చింది నువ్వేనటగా" అన్నాడు వాడు. "నా పేరు తెకా. మీ వాడి కణతకు గురి పెట్టింది నేనే. బాధపడకు, నొప్పి తెలిసి ఉండదు."

దాన్యాచౌ ముందుకు ఉరికాడు. తెకా పిస్టల్‌ను ముసలాయన కడుపులో గుచ్చాడు. దాన్యాచౌ ఆగిపోయాడు. తెకా అతని పిస్టల్ లాగేసుకున్నాడు, శాలువా తడిమాడు, మెరిగేటా సంచీ తిరగబోశాడు. చామరాన్ని చూసి కూడా పట్టించుకోలేదు.

"ఫ్లాపీ ఎక్కడ, ముసలాయనా?"

"హ" అన్నాడు మెరిగేటా.

"ఏంటి?"

"హు."

తెకా ఆయన చిటికెనవేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. ముసలాయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని, "హి" అన్నాడు. "అక్షరాలు కావాలన్నావు కదా నాయనా? మన అక్షరమాల హ, హు, హి అనే మొదలవుతుంది, వరసగా చెబుతున్నాను. మూడు వందల దాకా ఉన్నాయి, వేళ్లేమో పదే. చూసుకుని విరుచుకో."

డ్రైవర్ కిసుక్కున నవ్వాడు.

"నవ్వకు షిబెషీ!" తెకా కసిరాడు. "వీడి తలపాగా ఒక్కటే చూడలేదు. బండి ఆపి తీసి చూడు."

"నేనా? నువ్వే తియ్యి."

"నేను గన్ పట్టుకున్నాను కదరా."

"ఎడం చెయ్యి ఖాళీగానే ఉందిగా?"

తెకా ముసలాయన తలవైపు చూశాడు, చెయ్యి మాత్రం లేవలేదు. "మెరిగేటా తలపాగా లాగితే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది. నా వల్ల కాదు."

"మనుషుల్ని పిట్టల్ని కాల్చినట్టు కాలుస్తావు, గుడ్డముక్క లాగలేవా?"

"కాల్చితే చర్చిలో పాపం ఒప్పుకోవచ్చు. ఇది వేరే. వోగెల్ షెడ్డుకు పోనియ్యి. ఆయనే తీయించుకుంటాడు, ఆయనకు దేవుడూ దెయ్యమూ లేవు."

దాన్యాచౌ ముక్కు మండిపోతోంది. అయినా ఆ మాటలు విన్నాక అతని బుర్ర చకచకా పనిచేసింది. తెకా మెడవైపు చూశాడు. చొక్కా కాలరు లోపల నల్లదారం. జ్ఞానస్నానం నాడు కట్టిన దారం, వెలిసిపోయినా వాడు తెంపుకోలేదు. డ్రైవర్ మెడలోనూ ఉంది. అద్దానికి గబ్రియేల్ దేవదూత బొమ్మ వేలాడుతోంది.

కారు కొండ దిగి షెడ్డువైపు తిరిగింది. ఈ దారి దాన్యాచౌకు కంఠతా వచ్చు. మలుపు దాటితే గబ్రియేల్ చర్చి. దాని ముందు నుంచి తలవంచి శిలువ గుర్తు వేసుకోకుండా వెళ్లిన మనిషిని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. బస్సు డ్రైవర్లు స్టీరింగ్ వదిలేస్తారు. దొంగలు మూట దించుతారు. అలవాటు అలాంటిది, బుర్రను అడగదు, చెయ్యే లేస్తుంది. శిలువ వేసుకునేది కుడి చేత్తోనే.

పిస్టల్ ఉన్నదీ కుడి చేతిలోనే.

చామరం పిడిని అతను వేళ్లతో బిగించి పట్టుకున్నాడు. మలుపు తిరిగింది. చెట్ల మీదుగా గుండ్రటి కప్పు, దానిమీద శిలువ కనిపించాయి. దాన్యాచౌ కుడిచెయ్యి తనంతట తానే లేవబోయింది. పళ్లు బిగబట్టి దాన్ని తొడకేసి నొక్కిపట్టాడు. గబ్రియేలూ, ఇవాళ్టికి క్షమించు తండ్రీ.

డ్రైవర్ తల వంచాడు. మెరిగేటా నడుము దాకా వంగాడు. తెకా పిస్టల్‌తో సహా చేతిని నుదుటికి ఎత్తాడు.

సూది తెకా గొంతులో పిడి దాకా దిగింది. పిస్టల్ పేలింది. వంగిన ముసలాయన వీపు మీదుగా గుండు పోయి వెనక అద్దాన్ని పగలగొట్టింది. తెకా కళ్లు తెల్లబడ్డాయి, నోట్లోంచి నురగ తన్నుకొచ్చింది. దాన్యాచౌ శాలువాను డ్రైవర్ మెడకు వేసి రెండు కాళ్లూ సీటుకు తన్నిపెట్టి లాగాడు. షిబెషి స్టీరింగ్ వదిలి గొంతు పీక్కున్నాడు. కారు రోడ్డు దిగి, రాతిగోడకు గుద్దుకుంది. డ్రైవర్ తల అద్దంలోంచి దూసుకెళ్లి అక్కడే ఉండిపోయింది.

కారులో పొగ కమ్ముకుంది.

"చర్చి దాటిపోయామా?" అని కింద నుంచి మెరిగేటా గొంతు వినిపించింది. ఆయన ఇంకా వంగే ఉన్నాడు.

"దాటాం, లేవండి. తలపాగా జాగ్రత్త."

"నువ్వు శిలువ వేసుకోలేదు. నేను చూశాను."

"అయ్యగారూ, నేను వేసుకుని ఉంటే ఇప్పుడు మన సమాధుల మీద శిలువ వెయ్యాల్సొచ్చేది. నడవండి!"

* * *

రోడ్డున పోయే నీలం టాక్సీ ఆపి ఎక్కారు. డ్రైవర్ ఆ ముక్కు, ఆ నెత్తురు, ఆ విరిగిన వేలు చూసి, "పెళ్లికా, పంచాయితీకా?" అని మాత్రం అడిగి, యాక్సిలేటర్ మీద నిలబడినంత పని చేశాడు.

కౌన్సిల్ భవనం వెనక తలుపు దగ్గర యెషిమెబెట్ నిలబడి ఉంది. తెల్లటి గౌను, జూకాలు, అత్తరు వాసన. వాళ్లను చూడగానే ఒక్క రెప్పపాటు ఆమె ముఖం పాలిపోయింది. వెంటనే సర్దుకుంది.

"అయ్యో దేవుడా, ఈ నెత్తురేంటి? నేను పంపిన కారు రాలేదా?"

"వచ్చింది. కోడ్‌వర్డ్ కూడా సరిగ్గా చెప్పారు. కల్నల్ చెప్పలేదు, నేను చెప్పలేదు." దాన్యాచౌ ముసలాయనను పక్కకు నెట్టాడు. "మీరు లోపలికి పొండి, అయ్యగారూ. ఎవరు పిలిచినా ఆగకండి."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. సైలెన్సర్‌తో సహా.

"ఒక్క అడుగు వేశారంటే ఇద్దరూ పోతారు. రెండు వైపులా జీతం తీసుకోవడం తేలిక కాదు, దాన్యాచౌ. ఎప్పుడో ఒకప్పుడు ఒకవైపు తేల్చుకోవాలి. వోగెల్ ఎక్కువిస్తాడు."

"మా తమ్ముడు నీకోసం, యెషి కోసం, కిటికీ పక్కన కూర్చున్నాడు."

"తెలుసు. అమాయకుడు. కూర్చోమంటే కూర్చున్నాడు" అంది. చూపు ఒక్క క్షణం పక్కకు తిప్పుకుంది. పిస్టల్ మాత్రం తిప్పలేదు.

అతను దూకాడు. గుండు ఎడమ భుజాన్ని చీల్చుకుపోయింది. ఆమె జుట్టు పట్టుకుని ఇనుప తలుపుకేసి కొట్టాడు. ఆమె గోళ్లు విరిగిన ముక్కులో దిగాయి. ప్రాణం పోయినంత పనైంది. ఇద్దరూ కలిసి మెట్లమీద పడి, ఒకరిమీద ఒకరు దొర్లుకుంటూ కిందికి పోయారు. అడుగు మెట్టు దగ్గర మధ్యలో ఎక్కడో పిస్టల్ ఇంకోసారి చిన్నగా దగ్గింది. తెల్లగౌను మీద ఎర్రటి మరక పరుచుకుంది. ఆమె ఏదో అనబోయి అనకుండానే పోయింది. పగ తీరితే హాయిగా ఉంటుందనుకున్నాడు దాన్యాచౌ. ఏమీ లేదు.

పిస్టల్ తీసుకుని మెట్లెక్కాడు.

హాలు కిటకిటలాడుతోంది. గోడ పొడవునా ప్రదర్శనకని ఒక్కో శాఖ నుంచి తెచ్చిన కంప్యూటర్లు, ఒకదానికొకటి వైర్లు. వేదిక మీద మంత్రి కలం మూత తీశాడు. పక్కనే వోగెల్, బూడిదరంగు సూటు, పాల మీగడలాంటి చిరునవ్వు. వేదిక కింద గార్డులు మెరిగేటాను పట్టుకుని ఆపుతున్నారు.

"వదలండి ఆయన్ని! సెక్షన్ నైన్!" దాన్యాచౌ అరిచాడు. నెత్తురోడుతున్న మనిషినీ, చేతిలో పిస్టల్‌నూ చూసి గార్డులు వదిలేశారు.

మెరిగేటా వేదిక ఎక్కాడు. మంత్రి నోరు తెరిచి చూస్తుండగా, ఎవరి ముందూ తియ్యని తలపాగాను తన చేతులతోనే విప్పాడు. మడత మీద మడత విడిపోయింది. నెరిసిన బోడితల. ఆఖరి మడతలో నల్లటి ఫ్లాపీ. హాల్లో ఆడవాళ్లు అయ్యో అన్నారు.

"ఎవరీ పిచ్చివాడు? సంతకం కానివ్వండి సార్, విమానానికి టైమవుతోంది" అన్నాడు వోగెల్.

మెరిగేటా ఫ్లాపీని మెషీన్‌లో దోపాడు. అది గరగరమంటూ చదవడం మొదలెట్టింది. చదువుతూనే ఉంది. మంత్రి భుజాలు ఎగరేసి కాగితంమీద కలం ఆనించాడు.

"ఏదైనా కొట్టు!" మెరిగేటా కేకేశాడు. "నా వేలు పనిచెయ్యదు, నువ్వు కొట్టు!"

దాన్యాచౌ జన్మలో కీబోర్డు ముట్టుకున్నవాడు కాదు. ఏం కొట్టాలో మాత్రం ఆలోచించలేదు. నెత్తుటి వేలితో ఒక్కొక్క మీటా వెతుక్కున్నాడు. ముసలాయన చెవిలో చెబుతున్నాడు, "ఇది, తరువాత ఇది." కలం కాగితంమీద కదిలింది. మంత్రి పేరులో మొదటి అక్షరం పడింది. వోగెల్ మెల్లగా వెనక్కి జరిగి, గోడకున్న ప్లగ్గు మీదికి వంగాడు.

దాన్యాచౌ తల తిప్పకుండానే కాల్చాడు. వోగెల్ అరచేతిలోంచి గుండు దూరి గోడలో దిగింది. వాడు కేక పెట్టి కుప్పకూలాడు. ఆఖరి మీట నొక్కాడు దాన్యాచౌ.

మొదట ఆ తెర. తరువాత పక్కది. ఆ తరువాత గోడ పొడవునా అన్నీ. ఆరోగ్య శాఖ, రైల్వే, న్యాయశాఖ, నిన్నటిదాకా ఒకదాని రాత ఒకదానికి తెలియని మెషీన్లన్నిటిమీదా ఒకే పేరు వెలిగింది. ఐదంటే ఐదు అక్షరాలు. బెయిమ్నెట్.

హాల్లో ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఆడవాళ్ల ఎలిలిలి సంబరపు కేకలతో కప్పు ఎగిరిపోతుందనిపించింది. మంత్రి తన సగం సంతకాన్ని చూసుకున్నాడు, వోగెల్‌ను చూశాడు, కాగితాన్ని నిలువునా చింపేశాడు. దాన్యాచౌ ఆ తెరమీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. కన్నీళ్లు నెత్తుట్లో కలిసి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. వచ్చాడు, వాడు వచ్చాడు అని పిచ్చివాడిలా గొణుగుతున్నాడు.

సాయంత్రం ఆసుపత్రి మంచం పక్కన కల్నల్ ఎంగిదా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వోగెల్ లాకప్‌లో పాటలు పాడుతున్నాడని, ముఠా పేర్లన్నీ కక్కేస్తున్నాడని చెప్పాడు. తరువాత గొంతు సవరించుకుని ఆర్డర్ వేశాడు.

"రిపోర్టు నా బల్లమీద ఉండాలి. టైపు చేసి, మన అక్షరాల్లో."

"నాకు ఐదక్షరాలే వచ్చు సార్."

కల్నల్ లేచి టోపీ పెట్టుకుని తలుపు దగ్గర ఆగాడు.

"ఆఫీసులో కరెంటు కూడా లేదులే. మీ అమ్మ దగ్గరికి పో."